లిప్‌స్టిక్‌లో మాంద్యం కనిపిస్తుందా?

2025 మొదట్లో లేడీ గాగా మళ్లీ డాన్స్ పాటలతో వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో చాలామంది నోట ఒకే మాట వినిపించింది: ఇది రిసెషన్ ఇండికేటర్, అంటే మాంద్యం వస్తోందనడానికి గుర్తు. 2008 మాంద్యం రోజుల్లో మోగినవి అలాంటి పాటలే కాబట్టి, అవి తిరిగొస్తే ఆ రోజులూ తిరిగొస్తున్నట్టే అని లెక్క. తర్వాత ఆ మాట దేనికి పడితే దానికి వాడారు. జుట్టుకు రంగు వేయించుకోవడం తగ్గిందన్నా, పాత ఫ్యాషన్ మళ్లీ వచ్చిందన్నా కింద అదే కామెంట్.

దీన్ని కుర్రకారు సరదా అని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. వార్తల్లో చెప్పే ఆర్థిక వ్యవస్థకూ, తమ చేతిలో ఆడే డబ్బుకూ పొంతన కుదరనప్పుడల్లా జనం కంటికి కనిపించే గుర్తుల్నే పట్టుకున్నారు. ఈ అలవాటుకు దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది.

అసలు ఒకప్పుడు ప్రభుత్వాలకు కూడా ఇలాంటి గుర్తులే దిక్కు. 1929 తర్వాత అమెరికాలో మహా మాంద్యం ముంచెత్తినప్పుడు దేశం మొత్తం ఆదాయం ఎంత పడిపోయిందో చెప్పే అంకె ఎవరి దగ్గరా లేదు. స్టాక్ మార్కెట్ సూచీలు, రైలు వ్యాగన్లలో సరుకు ఎంత ఎక్కుతోందన్న లెక్క, ఫ్యాక్టరీల ఉత్పత్తి మీద అరకొర వివరాలు. వాటిని చూసే నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది. ఆ లోటు తీర్చడానికి ఆర్థికవేత్త సైమన్ కుజ్‌నెట్స్ జాతీయ ఆదాయాన్ని లెక్కగట్టి 1934లో సెనెట్‌కు నివేదిక ఇచ్చాడు. ఇప్పటి జీడీపీకి పునాది అదే. ఈ అంకెను బట్టి జనం ఎంత సుఖంగా ఉన్నారో చెప్పలేమని ఆయన ఆ నివేదికలోనే హెచ్చరించాడు. అంకె అందరికీ గుర్తుంది, హెచ్చరిక మాత్రం చాలామంది మర్చిపోయారు.

అంకెలు వచ్చాక కూడా ఆలస్యం పోలేదు. అమెరికాలో మాంద్యం ఎప్పుడు మొదలైందో తేల్చేది ఎన్‌బీఈఆర్ అనే పరిశోధన సంస్థలోని ఒక కమిటీ. 2007 డిసెంబరులో మాంద్యం మొదలైందని ఆ కమిటీ ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అప్పటికి లీమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలి రెండున్నర నెలలైంది. లక్షల మంది ఉద్యోగాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. లెక్క గట్టిగా తేలాలంటే సమయం పడుతుంది, అందులో కమిటీ తప్పేమీ లేదు. కానీ జీతం ఆగిపోయిన మనిషి ఏడాది దాకా ఎదురుచూడలేడు కదా. కళ్లముందున్న గుర్తుల్లో జవాబు వెతుక్కుంటాడు.

అలాంటి గుర్తుల్లో పాతది స్కర్టు పొడవు. 1920ల్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ టేలర్ మేజోళ్ల పరిశ్రమ మీద పరిశోధన చేశాడు. చేతిలో డబ్బున్నప్పుడు ఆడవాళ్లు పట్టు మేజోళ్లు కనిపించేలా పొట్టి స్కర్టులు వేసుకుంటారనీ, కొనలేనప్పుడు స్కర్టు కిందికి దిగుతుందనీ ఆయన పేరు మీద ఒక సిద్ధాంతం చలామణీలోకి వచ్చింది. 2010లో నెదర్లాండ్స్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు 1921 నుంచి 2009 దాకా నెలవారీ వివరాలతో దీన్ని పరీక్షించారు. సంబంధం కొంత కనిపించింది. కాకపోతే స్కర్టు పొడవు ఆర్థిక పరిస్థితి కంటే సుమారు మూడేళ్లు వెనకబడి మారుతోంది. రాబోయేది చెప్పడానికి అది పనికిరాదు.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతిగా పనిచేసిన అలన్ గ్రీన్‌స్పాన్ మగవాళ్ల లోదుస్తుల అమ్మకాలు చూసేవాడని చెబుతారు. ఎవరికీ కనిపించని బట్ట కాబట్టి, డబ్బుకు కటకట వచ్చినప్పుడు మగవాడు ముందు వాయిదా వేసే ఖర్చు అదేనని ఆయన ఆలోచన.

లిప్‌స్టిక్ సంగతి ఇంకా ప్రసిద్ధం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత తమ కంపెనీ లిప్‌స్టిక్‌ల అమ్మకాలు పెరగడం చూసి సౌందర్య సాధనాల కంపెనీ ఎస్టే లాడర్ ఛైర్మన్ లెనార్డ్ లాడర్ ‘లిప్‌స్టిక్ సూచీ’ అన్న మాట అన్నాడు. పెద్ద ఖర్చు చేయలేనివాళ్లు చిన్న ఖరీదులో దొరికే సంతోషాన్ని వెతుక్కుంటారని భావం. వినగానే ‘నిజమే కదా’ అనిపిస్తుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. 2008 మాంద్యంలో ఆ లెక్క నిలబడలేదు. 2020లో మూతికి మాస్కులు వచ్చేసరికి లిప్‌స్టిక్ అమ్మకాలు పడిపోయాయి. ఒకసారి కుదిరినదాన్ని సూత్రం అనుకుంటే ఇలాగే అవుతుంది.

వీటన్నిటికంటే గట్టిగా నిలబడింది బర్గర్. 1986లో ‘ది ఎకానమిస్ట్’ పత్రిక బిగ్ మ్యాక్ సూచీ మొదలుపెట్టింది. మెక్‌డొనాల్డ్స్ అమ్మే బిగ్ మ్యాక్ అనే దాదాపు ఒకే రకమైన బర్గర్ ఏ దేశంలో ఎంతకు అమ్ముతున్నారో పోల్చి, అక్కడి కరెన్సీ విలువ ఎక్కువుందా తక్కువుందా చెప్పడం దాని పని. మారకపు విలువల్ని తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పడానికి సరదాగా పెట్టారు. ఆ సరదా సూచీయే పాతికేళ్ల తర్వాత ఒక దేశ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టింది.

ఆ దేశం అర్జెంటీనా. 2007 జనవరిలో అక్కడి గణాంక సంస్థ ఇండెక్‌లో ధరల సూచీ చూసే అధికారిని ప్రభుత్వం తప్పించింది. అప్పటి నుంచి అధికారిక ద్రవ్యోల్బణం వాస్తవానికి దూరంగా, తక్కువగా కనిపించసాగింది. దేశం తీర్చాల్సిన బాండ్లలో కొన్ని ద్రవ్యోల్బణానికి ముడిపడి ఉన్నాయి. కాబట్టి అంకె తగ్గితే చెల్లించాల్సిన డబ్బూ తగ్గుతుంది. పేదల సంఖ్య కూడా కాగితం మీద తగ్గిపోతుంది. ఎక్కువ ద్రవ్యోల్బణం ఉందని సొంత అంచనాలు ప్రచురించిన ప్రైవేటు ఆర్థికవేత్తలకు 2011లో భారీ జరిమానాలు వేశారు. అప్పుడు ప్రతిపక్ష ఎంపీలు ముందుకొచ్చి ఆ అంచనాల సగటును తమ పేరుతో విడుదల చేయడం మొదలుపెట్టారు.

అదే కాలంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆల్బెర్టో కవాలో అనే ఆర్థికవేత్త సూపర్ మార్కెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ధరల్ని రోజూ సేకరించి లెక్కగట్టాడు. ఏటా 8 శాతం చిల్లర అని అధికారిక లెక్క చెబుతున్న కాలానికి ఆయన లెక్కలో 20 శాతం దాటింది. బర్గర్ ధర కూడా ఆ వైపే మొగ్గింది. అధికారిక అంకె కంటే బర్గర్ ధర దాదాపు రెట్టింపు వేగంతో పెరుగుతోందని ది ఎకానమిస్ట్ 2011 మొదట్లో చూపించింది. ఆ ఏడాది మరో వింత బయటపడింది: అక్కడి మెక్‌డొనాల్డ్స్‌లో మిగతా బర్గర్లన్నీ ఖరీదుగా ఉంటే బిగ్ మ్యాక్ ఒక్కటే చవగ్గా దొరుకుతోంది. సూచీ బాగా కనిపించాలని ప్రభుత్వమే ఒత్తిడి చేసిందన్న అనుమానాన్ని పత్రికలు రాశాయి. 2012 ఫిబ్రవరిలో ది ఎకానమిస్ట్ అర్జెంటీనా అధికారిక ధరల అంకెను ప్రచురించడం మానేసింది. 2013లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఆ దేశాన్ని అభిశంసించింది. లెక్కల విషయంలో ఒక దేశాన్ని అలా తప్పుపట్టడం దానికి అదే మొదటిసారి. ప్రభుత్వం మారి, ఇండెక్‌ను సరిదిద్దాకే 2016లో ఆ మచ్చ తొలగింది.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. బర్గర్ సూచీ నిలబడింది, ఎందుకంటే ఏం కొలవాలో ముందే నిర్ణయించుకుని ఏళ్ల తరబడి అదే కొలిచారు. పాట హిట్టయ్యాక, ఫ్యాషన్ మారాక, వెనక్కి తిరిగి ‘ఇదీ గుర్తే’ అంటే ఏదైనా గుర్తవుతుంది. రిసెషన్ ఇండికేటర్ కామెంట్లకు ఉన్న బలహీనత అదే. వాటిని చూసి డబ్బు నిర్ణయాలు తీసుకోవద్దని ఎవరికైనా చెబుతాను.

అలాగని ఆ కామెంట్ల వెనకున్న బాధ అబద్ధం కాదు. 2022 జూన్‌లో అమెరికాలో నిరుద్యోగం 3.6 శాతమే. అయినా మిషిగన్ విశ్వవిద్యాలయం లెక్కించే వినియోగదారుల విశ్వాస సూచీ 50కి పడిపోయింది. ఆ సూచీ చరిత్రలో అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ నెల ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఉద్యోగాల అంకెలు బాగున్నా మనసులు బాగోలేని ఈ స్థితికి కైలా స్కాన్లన్ అనే యువ వ్యాఖ్యాత ‘వైబ్‌సెషన్’ (వైబ్, రిసెషన్ మాటల కలయిక) అని పేరు పెట్టింది. మరుసటి జూన్‌కి ద్రవ్యోల్బణం 3 శాతానికి దిగింది. నిపుణులు ఊపిరి పీల్చుకున్నారు, కానీ జనం కోపం తగ్గలేదు. కారణం మామూలు లెక్కే. 100 డాలర్ల సరుకు ఒక ఏడాదిలో 109 అయితే, తర్వాతి ఏడాది 3 శాతం అంటే అది 112 అవుతుంది. పెరుగుదల నెమ్మదించింది, ధర దిగలేదు. ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అన్న వార్త విన్న మనిషికి బిల్లు మాత్రం పెరిగే కనిపిస్తుంది. ఆ మనిషికి అంకెలు తెలియవని వెక్కిరించడం అన్యాయం.

ఆ మిషిగన్ సూచీని 1940ల్లో మొదలుపెట్టిన జార్జ్ కటోనా హంగరీ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త. జనం ఏమనుకుంటున్నారన్నది కూడా ఆర్థిక వ్యవస్థలో భాగమేనని ఆయన నమ్మకం. అందుకే గుర్తుల జోలికి పోకుండా నేరుగా జనాన్నే అడిగాడు. సూచీని నిర్ణయించే ఐదు ప్రశ్నల్లో ఒకటి, ఏడాది కిందటితో పోలిస్తే డబ్బు విషయంలో మీ కుటుంబం ఇప్పుడు మెరుగ్గా ఉందా, దిగజారిందా అని. ఆ ప్రశ్నను ఇప్పటికీ నెలనెలా అడుగుతూనే ఉన్నారు.