స్పార్క్‌లోకి డేటాబేస్ రికార్డులు లోడ్ చేయడం: అపోహలు - వాస్తవాలు

డేటా ఇంజనీర్ ఇంటర్వ్యూల్లో షఫుల్ (మెషీన్ల మధ్య డేటా అటూఇటూ మారడం) గురించి, స్క్యూ (ఒక ముక్కలోనే ఎక్కువ డేటా పడటం) గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు కూడా "ఒరాకిల్ నుంచి టేబుల్ ఎలా తెస్తారు?" అని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "జేడీబీసీతో రీడ్ చేసేస్తామండీ." జాబ్ అర్ధరాత్రి ఎందుకు ఆగిపోయిందో వెతుక్కుంటూ పోతే చాలాసార్లు తేలేది ఆ ఒక్క ముక్క దగ్గరే. ఎందుకంటే ఇక్కడ క్లస్టర్, అంటే మన మెషీన్ల గుంపు, ఎంత పెద్దదన్నది రెండో సంగతి. అవతల డేటాబేస్ ఎంత ఇవ్వగలదు, మనం ఎలా అడుగుతున్నాం అన్నదే మొదటిది. అపాచీ స్పార్క్ (పెద్ద డేటాను చాలా మెషీన్ల మీద ఒకేసారి ప్రాసెస్ చేసే టూల్), దాని జేడీబీసీ రీడర్ (డేటాబేస్‌కి కనెక్టయి టేబుల్ చదివే భాగం) చుట్టూ తరచూ వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: క్లస్టర్‌లో ఇరవై మెషీన్లుంటే టేబుల్ దానంతటదే ఇరవై ముక్కలుగా వస్తుంది.

రాదు. టేబుల్ పేరు, యూఆర్ఎల్, పాస్‌వర్డ్ మాత్రమే ఇస్తే స్పార్క్ ఒకే కనెక్షన్ తెరిచి ఒకే క్వెరీ పంపుతుంది. రికార్డులన్నీ ఒకే పార్టిషన్ (డేటా ముక్క)లోకి, ఒకే టాస్క్ (ఒక ముక్క మీద నడిచే పని) ద్వారా వస్తాయి. పెళ్లిలో వందమందిని పంక్తిలో కూర్చోబెట్టి, వడ్డించడానికి ఒక్కణ్ణే పెట్టినట్టు. స్పార్క్ యూఐలో ఆ స్టేజ్ తెరిస్తే 0/1 (ఉన్న ఒక్క టాస్కూ ఇంకా పూర్తవలేదు) అని కనిపిస్తుంది, అది గంటైనా కదలదు.

పార్కే (డేటాను కాలమ్‌లవారీగా దాచే ఫార్మాట్) ఫైళ్లు చదివేటప్పుడు ఇలా జరగదు కాబట్టే ఈ అపోహ వచ్చింది. ఫైల్ సైజు స్పార్క్‌కి ముందే తెలుస్తుంది, దాన్నిబట్టి ముక్కలు చేసుకుంటుంది. టేబుల్‌లో ఎన్ని రికార్డులున్నాయో, ఐడీలు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉన్నాయో దానికి తెలియదు. మనమే చెప్పాలి: ఏ కాలమ్ మీద విడగొట్టాలి, లోయర్ బౌండ్, అప్పర్ బౌండ్ ఎంత, పార్టిషన్లు ఎన్ని అని.

కొందరు చదివిన వెంటనే రీపార్టిషన్ (డేటాను మళ్లీ ముక్కలుగా పంచే ఆదేశం) పెట్టి "ప్యారలల్ చేశాం" అంటారు. డేటా ఆ ఒక్క టాస్క్‌లోంచి వచ్చాకే కదా పంచేది! తర్వాతి పని తేలికవుతుందేమో గానీ డేటాబేస్ నుంచి రావడం ఒక్క సెకను కూడా తగ్గదు.

అపోహ: లోయర్ బౌండ్, అప్పర్ బౌండ్ అంటే ఫిల్టర్. ఆ రెండింటి మధ్య ఉన్న రికార్డులే వస్తాయి.

బాగా పాతుకుపోయిన అపోహ ఇది. ఆ రెండు అంకెలు ముక్క ఎంత వెడల్పుండాలో లెక్కకట్టడానికే, ఏ రికార్డునూ వదిలేయడానికి కాదు. లోయర్ బౌండ్ 1, అప్పర్ బౌండ్ 10 లక్షలు, నాలుగు పార్టిషన్లు అనుకుందాం. ఒక్కో ముక్క సుమారు 2.5 లక్షల వెడల్పు. మొదటి టాస్క్ "2.5 లక్షల కంటే తక్కువ, లేదా నల్ (విలువ లేనిది)" అని అడుగుతుంది. మధ్యవి రెండూ తమ హద్దుల్లో అడుగుతాయి. చివరిది "7.5 లక్షలు, ఆ పైన ఎంతున్నా" అని అడుగుతుంది. రెండు చివర్లకూ తలుపుల్లేవు.

ఇప్పుడు అదే టేబుల్ మూడేళ్లలో పెరిగి ఐడీలు 5 కోట్లు దాటాయనుకోండి, కోడ్‌లో అంకె మాత్రం ఎవరూ మార్చలేదు. మూడు టాస్కులు క్షణాల్లో ముగుస్తాయి, నాలుగోది మిగతా 4.9 కోట్లకు పైగా రికార్డుల్ని ఒంటరిగా మోస్తుంది. ఎర్రర్ రాదు, డేటా తప్పు కాదు, జాబ్ మాత్రం నెలనెలా నెమ్మదిస్తూ పోతుంది. ఇలాంటి జబ్బును పట్టుకోవడమే కష్టం.

స్కూప్ (డేటాబేస్ నుంచి హడూప్‌లోకి డేటా తెచ్చే పాత టూల్) వాడిన చేతులకు ఈ పొరపాటు సహజం. ఆ టూల్ కనిష్ఠం, గరిష్ఠం తనే డేటాబేస్‌ని అడిగి తెలుసుకునేది, చెప్పకపోయినా నాలుగు మ్యాపర్లు (ఒకేసారి నడిచే పనులు) నడిపేది. అది 2021లో అపాచీ అటక ఎక్కేసింది, అంటే ఆ ప్రాజెక్టును మూసేశారు. స్పార్క్ ఆ అడగడం చేయదు. జాబ్ మొదట్లో మిన్, మ్యాక్స్ తెచ్చే చిన్న క్వెరీ మనమే రాసుకుని ఆ విలువలు అందించాలి. విడగొట్టే కాలమ్ నంబర్, తేదీ లేదా టైమ్‌స్టాంప్ అయ్యుండాలి.

మిన్, మ్యాక్స్ సరిగ్గా ఇచ్చినా ఐడీల మధ్య పెద్ద ఖాళీలుంటే ముక్కలు సమానంగా రావు. అలాంటప్పుడు షరతుల జాబితాను మనమే ఇవ్వొచ్చు, నెలకొకటో, బ్రాంచికొకటో. అయితే రెండు షరతులు ఒకదానిమీద ఒకటి పడితే ఆ రికార్డులు రెండుసార్లు వస్తాయి, ఏ షరతులోకీ రానివి అసలే రావు. స్పార్క్ ఇవేవీ సరిచూడదు. నల్ ఉన్న రికార్డులు ఎక్కువగా మాయమయ్యేది ఇక్కడే.

అపోహ: పార్టిషన్లు ఎన్ని పెంచితే అంత వేగం.

కొంతవరకే. నడుస్తున్న ప్రతి టాస్కూ డేటాబేస్‌కి ఒక కనెక్షన్. ఒకేసారి ఎన్ని నడుస్తాయన్నది పార్టిషన్ల సంఖ్య, క్లస్టర్‌లో ఖాళీగా ఉన్న కోర్లు - ఈ రెంటిలో ఏది తక్కువైతే అంత. పోస్ట్‌గ్రెస్ మొత్తం కనెక్షన్ల పరిమితి మార్చకపోతే 100, మైఎస్‌క్యూఎల్‌లో 151. అందులోంచే అసలు అప్లికేషన్ కూడా తీసుకోవాలి. 200 పార్టిషన్లు, 200 కోర్లతో మనం వెళ్లి నిలబడితే అవతల కస్టమర్‌కి లాగిన్ అవదు. ఆటోస్కేలింగ్ (అవసరాన్నిబట్టి మెషీన్లు పెరిగి తగ్గడం) ఉన్న క్లస్టర్లలో ఇంకో చిక్కు: కోడ్ ఎవరూ ముట్టుకోకపోయినా నిన్న 16 కనెక్షన్లు తీసుకున్న జాబ్ ఇవాళ 80 తీసుకోవచ్చు. కాబట్టి నమ్ పార్టిషన్స్ అనే ఆప్షన్‌ని డీబీఏతో (డేటాబేస్ చూసుకునేవాళ్లతో) మాట్లాడి పెట్టుకున్న హద్దుగా చూడండి. నేనైతే ఎనిమిదితో మొదలుపెట్టి, డేటాబేస్ సీపీయూ చూసుకుంటూ పెంచమంటాను.

విడగొట్టే కాలమ్ మీద ఇండెక్స్ (రికార్డుల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉందా అన్నది ఇంకా ముఖ్యం. లేకపోతే పదహారు పార్టిషన్లు అంటే పెద్ద టేబుల్‌ని మొదటినుంచి చివరిదాకా పదహారుసార్లు చదివించడమే. ఐడీని పదహారుతో భాగించి శేషాన్నిబట్టి పంచే చిట్కా చాలామంది వాడతారు. ముక్కలు సమానంగా వస్తాయి నిజమే, కానీ ఆ షరతుకి మామూలు ఇండెక్స్ పనికిరాదు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లకు పనిచేసేవాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన గండం ఉంది. మనం పొద్దున పదింటికి టెస్ట్ చేస్తుంటే న్యూయార్క్‌లో అర్ధరాత్రి, డేటాబేస్ ఖాళీ. జాబ్ బ్రహ్మాండంగా పరుగెడుతుంది. అదే జాబ్‌ని మన రాత్రి ఎనిమిదికి షెడ్యూల్ చేస్తే అక్కడ ఆఫీసులు అప్పుడే తెరుచుకుని ఉంటాయి. ఇక టెన్షన్ మొదలు.

"రెప్లికా మీద చదువుతున్నాం, ఎవరికీ ఇబ్బంది లేదు" అనేవాళ్లకు ఒక మాట. పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బైలో (అసలు డేటాబేస్ అయిన ప్రైమరీకి నకలు, అంటే రెప్లికా) మన పొడవాటి క్వెరీ, ప్రైమరీ నుంచి వచ్చే మార్పులు ఢీకొంటే మామూలు సెట్టింగులో స్టాండ్‌బై ఓపిక 30 సెకన్లే. తర్వాత "రికవరీతో సంఘర్షణ" అంటూ మన క్వెరీనే రద్దు చేస్తుంది. ముక్కలు చిన్నగా ఉంటే ఈ బెడద తగ్గుతుంది.

అపోహ: మెమరీ ఎర్రర్ వస్తే ఎగ్జిక్యూటర్ (టాస్కులు నడిపే ప్రాసెస్) మెమరీ పెంచాలి. నెమ్మదిగా ఉంటే నెట్‌వర్క్‌ని అనుమానించాలి.

ముందు ఫెచ్ సైజ్, అంటే ఒక్కో విడతకి ఎన్ని రికార్డులు తేవాలన్నది, చూడండి. స్పార్క్‌లో దాని డిఫాల్ట్ సున్నా, అంటే "డ్రైవర్ ఇష్టం" అని (డ్రైవర్ అంటే ఇక్కడ డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ లైబ్రరీ). ఒక్కో డ్రైవర్ ఇష్టం ఒక్కో రకం.

ఒరాకిల్ డ్రైవర్ ఒక విడతకి పది రికార్డులే తెస్తుంది. కోటి రికార్డులకు పది లక్షల విడతలు. విడతకి ఒక్క మిల్లీసెకను పోయినా వెయ్యి సెకన్లు, అంటే పదిహేడు నిమిషాలు దారి ఖర్చే. ఫెచ్ సైజ్ 5,000 చేస్తే విడతలు రెండు వేలకు, దారి ఖర్చు రెండు సెకన్లకు దిగుతుంది. ఈ వృత్తిలో ఒక్క లైనుకి ఇంత ఫలితమిచ్చే మార్పు ఇంకోటి నాకు తెలియదు.

పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ది ఇంకో అతి. ఏమీ చెప్పకపోతే క్వెరీ ఫలితం మొత్తాన్నీ ఒకేసారి మెమరీలోకి లాగుతుంది. మెమరీ 8 జీబీ నుంచి 16కి పెంచితే ఇవాళ్టికి గడుస్తుంది, టేబుల్ పెరిగాక మళ్లీ అదే కథ. ఫెచ్ సైజ్ ఇస్తే స్పార్క్ ఆటోకమిట్‌ని (ప్రతి క్వెరీనీ వెంటనే ఖరారు చేసే సెట్టింగ్) కూడా తనే ఆపి విడతలుగా తెస్తుంది. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ కూడా మొత్తం లాగేదే. దానికి ఫెచ్ సైజ్ ఒక్కటే చాలదు, కనెక్షన్ యూఆర్ఎల్‌లో యూజ్ కర్సర్ ఫెచ్ అనే సెట్టింగ్‌ని ట్రూ చేయాలి.

అపోహ: ఫిల్టర్, జాయిన్, కౌంట్ ఏది రాసినా స్పార్క్ దాన్ని డేటాబేస్‌కే పంపి చేయిస్తుంది.

మామూలు ఫిల్టర్లు వెళ్తాయి, అవసరమైన కాలమ్‌లే అడుగుతుంది. మనం రాసిన యూడీఎఫ్‌తో (సొంత ఫంక్షన్‌తో) ఫిల్టర్ చేస్తే మాత్రం టేబుల్ అంతా ఇటొచ్చాకే వడపోత. మనం రోజూ వాడే ఫార్మాట్ జేడీబీసీ రీడర్‌తో ఒకే డేటాబేస్‌లోని రెండు టేబుళ్లను జాయిన్ చేస్తే రెండూ పూర్తిగా ఇటు వచ్చి ఇక్కడ కలుస్తాయి. కౌంట్ కూడా అంతే, రికార్డుకొక "1" చొప్పున తెప్పించుకుని ఇక్కడ లెక్కపెడుతుంది. అగ్రిగేట్లను (కౌంట్, మొత్తం లాంటి లెక్కల్ని) డేటాబేస్‌కి పంపే సౌకర్యం కొత్త వెర్షన్లలో వచ్చింది గానీ అది కేటలాగ్ (డేటాబేస్‌ని స్పార్క్‌లో ఒక పేరుతో నమోదు చేసుకోవడం) ద్వారా చదివే వీ2 దారిలోనే.

జాయిన్ డేటాబేస్‌లోనే జరగాలంటే దాన్ని సబ్‌క్వెరీగా రాసి, ఒక మారుపేరు పెట్టి డీబీ టేబుల్ ఆప్షన్‌లో ఇవ్వండి. క్వెరీ అనే ఆప్షన్ వేరే ఉంది కానీ దానితో పార్టిషన్ కాలమ్ కుదరదు. అనుమానమొస్తే ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ప్లాన్ చూపే ఆదేశం) కొట్టి పుష్డ్ ఫిల్టర్స్ అన్న చోట చూసుకోవచ్చు.

అపోహ: లోడ్ అన్నాం కాబట్టి డేటా మన దగ్గర ఉంది.

లోడ్ అన్నప్పుడు స్పార్క్ తెచ్చుకునేది కాలమ్‌ల వివరాలే. డేటా కోసం ప్రతి యాక్షన్‌కీ (కౌంట్, ఫైల్ రాయడం లాంటి, ఫలితం అడిగే ఆదేశానికి) మళ్లీ డేటాబేస్ దగ్గరికి వెళ్తుంది. ముందు కౌంట్ చేసి లాగ్‌లో రాసి, తర్వాత ఫైల్ రాస్తే టేబుల్ రెండుసార్లు చదివినట్టే. పైగా లైవ్ టేబుల్ కాబట్టి ఆ రెండు లెక్కలు కలవవు, ఆడిట్‌వాళ్లు మన ప్రాణం తీస్తారు. క్యాష్ పెట్టినా (డేటాను మెమరీలో ఉంచుకున్నా) ఒక ఎగ్జిక్యూటర్ పోతే దాని ముక్కని మళ్లీ అడుగుతుంది, ఈసారి వచ్చే జవాబు వేరుగా ఉండొచ్చు. అందుకే ముందు పార్కేలోకి దించేసి, లెక్కలన్నీ అక్కణ్ణుంచి మొదలుపెట్టడం మంచిది.

దీన్ని ఆనుకునే ఉన్న ఇంకో సంగతి: పార్టిషన్లన్నీ ఒకే క్షణాన్ని చూడవు. ఒక్కోదానిది విడి కనెక్షన్, విడి ట్రాన్సాక్షన్. మొదటి టాస్క్ 2:00కి చూసిన డేటాబేస్, చివరి టాస్క్ 2:20కి చూసినది ఒకటి కావు. ఆర్డర్ రాకుండా ఆర్డర్‌లోని వస్తువులు మాత్రం వచ్చే విడ్డూరాలు ఇందువల్లే. ఒరాకిల్‌లో దీనికి చక్కని మందుంది. జాబ్ మొదట్లో ఎస్‌సీఎన్ (డేటాబేస్ ఏ క్షణంలో ఉందో చెప్పే క్రమసంఖ్య) తీసుకుని, సబ్‌క్వెరీలో "యాజ్ ఆఫ్ ఎస్‌సీఎన్" అని రాస్తే అన్ని టాస్కులూ అదే క్షణాన్ని చూస్తాయి. లోడ్ మరీ సాగితే "స్నాప్‌షాట్ టూ ఓల్డ్" అని ఓఆర్ఏ-01555 పలకరిస్తుంది, అండూ స్థలం (పాత విలువలు దాచే చోటు) గురించి ముందే మాట్లాడుకోవాలి.

అపోహ: అప్‌డేటెడ్ యాట్ (రికార్డు చివరిసారి మారిన టైమ్) కాలమ్ ఉంటే చాలు, రోజూ మారినవే తెచ్చుకోవచ్చు.

డిలీట్ అయిన రికార్డు ఆ కాలమ్‌లో కనిపించదు, ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది. పోస్ట్‌గ్రెస్‌లో నౌ ఫంక్షన్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్. 1:58కి మొదలై 2:03కి కమిట్ అయిన రికార్డు మీద 1:58 అనే ఉంటుంది. మనం 2:00కి చదివి, మార్పులు 2:00 దాకా తెచ్చేశామని గుర్తు పెట్టుకుంటే ఆ రికార్డు ఇవాళా రాదు, రేపూ రాదు. ప్రతిసారీ గంటో రెండు గంటలో వెనక్కి వెళ్లి చదివి, ప్రైమరీ కీ మీద మెర్జ్ చేస్తే (ఉన్నదాన్ని మార్చి, లేనిదాన్ని చేరిస్తే) ఈ చిల్లు చాలావరకు మూసుకుంటుంది. డిలీట్లూ కావాలంటే డెబీజియం లాంటి టూల్స్‌తో డేటాబేస్ మార్పుల లాగ్‌నే చదవాలి.

అపోహ: కాలమ్ టైపులు స్పార్క్ చూసుకుంటుంది.

మైఎస్‌క్యూఎల్‌లో టైనీఇంట్(1)గా పెట్టిన స్టేటస్ కాలమ్‌లో 0, 1, 2 ఉంటే, డ్రైవర్ డిఫాల్ట్‌గా దాన్ని బూలియన్ (ట్రూ/ఫాల్స్) చేస్తుంది. 1, 2 రెండూ ట్రూ అయిపోతాయి. టైనీ ఇంట్ వన్ ఈజ్ బిట్ అనే సెట్టింగ్‌ని యూఆర్ఎల్‌లో ఫాల్స్ చేయాలి. ఒరాకిల్‌లో ప్రెసిషన్ (అంకెల సంఖ్య) చెప్పని నంబర్ డెసిమల్(38,10)గా వస్తుంది. ఐడీ పక్కన పది సున్నాలు చూసి కంగారుపడకుండా కస్టమ్ స్కీమా అనే ఆప్షన్‌లో డెసిమల్(38,0) అని చెప్పేయండి.