సముద్రపు రొదను చదవడం నేర్చిన రాడార్

తీరాన నిలిపిన యాంటెన్నాలతో సముద్ర ప్రవాహాలను, అలలను కొలిచే రాడార్లకు 2012 దాకా అంతర్జాతీయంగా ప్రత్యేక పౌనఃపున్యాలు లేవు. ఆ ఏడాది జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమాచార సదస్సు 3 నుంచి 50 మెగాహెర్ట్జ్‌ల మధ్య కొన్ని పట్టీలను వాటికి కేటాయించే నాటికి ఈ విద్యకు యాభై ఏళ్లు దాటాయి. అంతకాలం అవి చాలా చోట్ల ప్రయోగాత్మక అనుమతులతో, ఇతరుల ప్రసారాలకు అడ్డు తగలకూడదన్న షరతుతో నెట్టుకొచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల కోసం, విమానాల కోసం వెతికే రాడార్ తెరలపై సముద్రం నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని వట్టి చికాకు. దాన్ని ఎలా వడగట్టాలన్నదే అప్పటి ఇంజనీర్ల ఆలోచన. ఆ రొదలోనే ఒక క్రమం ఉందని 1955లో న్యూజిలాండ్‌కు చెందిన డగ్లస్ క్రాంబీ గమనించారు. ఆయన 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలను సముద్రం మీదికి పంపి, తిరిగి వచ్చిన వాటి పౌనఃపున్యంలో మార్పును కొలిచారు. నానా రకాల అలలు ఎగసిపడే నీటి నుంచి అలుక్కుపోయిన సంకేతం వస్తుందని ఎవరైనా అనుకుంటారు; వచ్చింది మాత్రం దాదాపు 0.38 హెర్ట్జ్ దగ్గర నిలిచిన స్పష్టమైన సంకేత శిఖరం.

దీనికి వివరణ స్ఫటికాలపై ఎక్స్‌కిరణాల పరావర్తనానికి శాస్త్రవేత్తలైన తండ్రీకొడుకులు బ్రాగ్‌లు చెప్పిన సూత్రంలో ఉంది. ఆ రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 22 మీటర్లు. అందులో సగం, అంటే 11 మీటర్ల ఎడంతో రాడార్ వైపు వచ్చే లేదా దాని నుంచి దూరమయ్యే అలల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనులు మాత్రమే ఒకదానికొకటి తోడై బలపడతాయి, మిగతావి చెదిరిపోతాయి. లోతైన నీటిలో అల వేగాన్ని దాని పొడవే నిర్ణయిస్తుంది కనుక 11 మీటర్ల అల ఎక్కడైనా సెకనుకు 4.2 మీటర్ల చొప్పున కదులుతుంది. 0.38 అనే అంకె పుట్టింది అక్కడే.

ప్రవాహాన్ని కొలిచే కిటుకు ఈ స్థిరత్వంలోనే ఉంది. నీరే రాడార్ వైపు సెకనుకు 20 సెంటీమీటర్లు జరుగుతుంటే, వచ్చే అలల వల్ల ఒకటి, పోయే అలల వల్ల ఒకటిగా ఏర్పడే సంకేత శిఖరాలు రెండూ ఒకే దిక్కుకు 0.018 హెర్ట్జ్ మేర జరుగుతాయి. ఇంత చిన్న తేడా పట్టుబడాలంటే ఓపికగా వినాలి: దాదాపు నాలుగు నిమిషాలు విన్నాకగానీ సెకనుకు నాలుగు సెంటీమీటర్ల తేడా విడిగా కనబడదు. 1974లో రాబర్ట్ స్టీవర్ట్, జోసెఫ్ జాయ్ ఈ పద్ధతిలో ఉపరితల ప్రవాహాలను కొలిచి చూపారు. ఇలా తెలిసేది పైపొర కదలిక మాత్రమే. ఈ పౌనఃపున్యం దగ్గర అది సుమారు మీటరు మందం.

ఒక కేంద్రం తన వైపు వచ్చే లేదా తన నుంచి పోయే వేగాన్నే చెప్పగలదు. అదే నీటిని మరో కోణం నుంచి రెండో కేంద్రం చూస్తేనే ప్రవాహం దిశ తేలుతుంది. 1977లో డొనాల్డ్ బారిక్ బృందం సులువుగా తరలించగల రాడార్లతో ఇలాంటి పటాలను గీసి చూపడంతో విషయం ప్రయోగశాల దాటింది.

అలల కథ ఇంత సాఫీగా సాగలేదు. రాడార్ చూసేది అలనే అయినా బాగా కొలిచేది ప్రవాహాన్ని కావడం ఈ చరిత్రలోని వింత. ప్రవాహానికి శిఖరం ఎక్కడుందో తెలిస్తే చాలు. అలల ఎత్తు కావాలంటే ఆ శిఖరాలకు పక్కన ఉండే బలహీనమైన ద్వితీయ ప్రతిధ్వనులను చదవాలి. వాటికి సిద్ధాంతాన్ని 1970ల మొదట్లో క్లాస్ హాసెల్‌మన్, బారిక్ సమకూర్చారు. కానీ కాస్త రేడియో రొద చేరినా ముందు మునిగిపోయేవి అవే. అందుకే ఒకే యంత్రం ఇచ్చే ప్రవాహ పటాన్ని నమ్మినంతగా అలల అంకెలను నమ్మకూడదని నా అభిప్రాయం.

ఉపగ్రహాలు మరో దారి. 1978లో ఎగిరిన సీశాట్ మూడు నెలలు దాటగానే మూగబోయినా, అంతరిక్షం నుంచి అలలు కనబడతాయని నిరూపించి పోయింది. 1992 నాటి టోపెక్స్/పొసైడన్ సముద్రమట్టపు ఎత్తుపల్లాల నుంచి పెద్ద ప్రవాహాలను లెక్కగట్టింది. అయితే అది ఒకే చోటికి తిరిగి రావడానికి సుమారు పది రోజులు పట్టేది. తీర రాడార్ గంటగంటకూ చూస్తుంది. 2011లో జపాన్ సునామీ కదలికను పసిఫిక్‌కు రెండు వైపులా ఉన్న తీర రాడార్లు నమోదు చేశాయి.

ఇక మొదట్లో చెప్పిన పౌనఃపున్యాల సంగతి: వీటికి చోటు దొరకడం ఎందుకు కష్టమైంది? సముద్రాన్ని మూడు కిలోమీటర్ల గడులుగా విడదీసి చూడాలంటే 50 కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి. షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రం ఒకటి వాడుకునేది సుమారు 10. పైగా రాడార్ పగలూ రాత్రీ పలుకుతూనే ఉంటుంది, ఆ పలుకు రేడియో తరంగాలను తిప్పి పంపే పై వాతావరణ పొర అయిన అయనోఆవరణం మీదుగా ఖండాలు దాటిపోతుంది. ఇతరుల తెరలపై రొదగా పుట్టిన విద్య ఇతరుల రేడియోల్లో తానే రొదైంది. కేటాయింపుతో పాటు 2012 సదస్సు ప్రసార శక్తికి హద్దు పెట్టి, అడ్డంకి ఎవరి వల్ల వస్తోందో తెలిసేలా ప్రతి రాడార్ 20 నిమిషాలకు మించకుండా ఒకసారి తన పిలుపు గుర్తును మోర్స్ కోడ్‌లో చెప్పుకోవాలన్న నియమం విధించింది.