ఊరూరా ఉన్న కంప్యూటర్లతో ఒకే పరిశోధన: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ నేను చేసే పని డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్. వేర్వేరు ఊళ్లలో, దేశాల్లో ఉన్న కంప్యూటర్లు ఒకే పరిశోధన లెక్కలను పంచుకొని చేయడమన్నమాట. దీనిమీద విద్యార్థులకే కాదు, తోటి శాస్త్రవేత్తలకూ అపోహలున్నాయి.

అపోహ: వెయ్యి కంప్యూటర్లు పెడితే పని వెయ్యి రెట్లు తొందరగా అవుతుంది.

వాస్తవం: పదిమంది దిగితే నాట్లు తొందరగా అయిపోతాయి. కానీ నారు ఎదగడానికి పట్టే రోజులు పట్టాల్సిందే. లెక్కల్లోనూ ఒకటయ్యాకే ఇంకొకటి చేయాల్సిన భాగం ఉంటుంది. అది 5 శాతమే అయినా, ఎన్ని కంప్యూటర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. 1967లో కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదనలోని సారం ఇదే.

అపోహ: డేటాదేముంది, క్లిక్ చేస్తే పోతుంది.

వాస్తవం: సెకనుకు 100 మెగాబిట్ల లైన్ పూర్తిగా మనకే దొరికినా 10 టెరాబైట్లు పంపడానికి 9 రోజులు దాటుతుంది. అందుకే వీలైతే డేటా ఉన్నచోటికే ప్రోగ్రామ్‌ను పంపుతాం. చేరినదంతా సరిగా చేరిందనీ అనుకోవద్దు. ఒకసారి మా విద్యార్థిని రాత్రంతా కూర్చొని వాతావరణ డేటా దించుకుంది. ఫైలు సైజు బైటుతో సహా సరిపోయింది. తీరా గ్రాఫ్ గీస్తే మే నెల వరంగల్‌లో ఒక మధ్యాహ్నం మైనస్ 40 డిగ్రీలు! చెక్‌సమ్ అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే చిన్న కోడ్, డేటా మారితే అదీ మారుతుంది. అసలు ఫైలు చెక్‌సమ్‌తో పోల్చి చూస్తే మొదటి నాలుగు అక్షరాల దగ్గరే తేడా కనిపించింది. మళ్లీ దించుకుంటే సరిపోయింది. ఇప్పుడు మా దగ్గర చెక్‌సమ్ చూడకుండా ఎవరూ ఫైలు తెరవరు.

అపోహ: ఒక కంప్యూటర్ ఆగితే అంతా పోయినట్టే.

వాస్తవం: ఆగుతుందనుకొనే ప్రోగ్రామ్ రాస్తాం. ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్యలో దాచిపెడతాం, కరెంటు పోయినా ఇంకో కంప్యూటర్ అక్కడినుంచి అందుకుంటుంది. నాకు టెన్షన్ పెట్టేది జవాబివ్వని కంప్యూటరే. అది ఆగిపోయిందో, నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందో దూరంనుంచి చెప్పలేం. ఆగిందనుకొని పని వేరేదానికి ఇస్తే, మొదటిదీ లేచి అదే ఫలితాన్ని రెండోసారి రాయొచ్చు.

అపోహ: ఇదంతా పెద్ద సంస్థలకే.

వాస్తవం: యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ డేటాను 40కి పైగా దేశాల్లోని కేంద్రాలు పంచుకుంటాయి, వాటిలో ముంబై, కోల్‌కతా కూడా ఉన్నాయి. అయితే మొదలుపెట్టడానికి అంత అక్కర్లేదు. సాయంత్రం తాళం వేశాక మీ కాలేజీ ల్యాబులో ఖాళీగా ఉండే 30 కంప్యూటర్లు చాలు. ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు పని పంచే హెచ్‌టీకాండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ప్రిన్సిపల్ గారి అనుమతి మాత్రం ముందే రాతపూర్వకంగా తీసుకోండి.