పక్క దేశాలకి సునామీ సమాచారం: అపోహలు - వాస్తవాలు

నేను సునామీ హెచ్చరికల పనిలో ఉన్నానని తెలిస్తే చాలు, పెళ్ళిలో కలిసినా ట్రైన్‌లో కలిసినా అందరూ ఇవే అడుగుతారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని సునామీ గురించి ఏం చెప్తారు?

వాస్తవం: బుయ్‌లు (సముద్రంలో తేలుతూ అలని పసిగట్టేవి), టైడ్ గేజ్‌లు (తీరంలో నీటి మట్టం కొలిచేవి) ఉండాల్సింది నీళ్ళలో, వాటి డేటా చూసే మనుషులు ఎక్కడున్నా పర్లేదు. హైదరాబాద్ ప్రగతి నగర్ దగ్గర ఇన్‌కాయిస్‌లో, అంటే మన దేశపు సముద్ర సమాచార కేంద్రంలో, 2007 అక్టోబర్ నుంచి రాత్రీ పగలూ షిఫ్టులు నడుస్తున్నాయి. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాతో పాటు మనం కూడా హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకి సమాచారం పంపుతున్నాం.

అపోహ: మనం వార్నింగ్ ఇస్తాం, అక్కడ జనం ఖాళీ చేస్తారు.

వాస్తవం: అసలు వేరే దేశానికి మనం వార్నింగ్ ఇవ్వం. అల ఏ తీరానికి ఎప్పుడు చేరొచ్చు, ఎంత ఎత్తు ఉండొచ్చు అనే అంచనా ఇస్తాం, అంతే, జనాన్ని కదిలించాలా వద్దా అన్నది ఆ దేశపు కేంద్రం తేల్చుకోవాలి, ఎందుకంటే ఏ ఊరికి ఏ దారి ఉందో, ఎవరు చెప్తే జనం వింటారో వాళ్ళకే తెలుసు. నన్ను బాగా కదిలించింది ఒక డ్రిల్. మన బులెటిన్ టైంకే వెళ్ళింది, కానీ అటువైపు ఫ్యాక్స్ మెషిన్‌లో పేపర్ లేదు, లిస్టులో ఉన్న ఫోన్ నంబరేమో రిటైర్ అయిపోయిన ఆఫీసర్‌ది, పాపం ఆయన ఇంట్లో భోజనం చేస్తూ ఎత్తారు. అక్కడి నుంచి బీచ్ దగ్గర మైకు పట్టుకునే మనిషి దాకా కబురు చేరేసరికి గంట దాటింది. అప్పట్నుంచి పక్క దేశాల వాళ్ళకి ఇచ్చే ట్రైనింగ్‌లో నేను సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఫోన్ లిస్టు తీయిస్తా.

2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూమి కదిలాక అల మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకి పైనే పట్టింది. ఆ రోజు పౌర్ణమి, మంగినపూడిలో జనం స్నానాలకి దిగి ఉన్నారు. టైం ఉంది, చెప్పేవాళ్ళే లేరు. పక్క దేశంలో ఇంకెవరికీ అలా జరగకూడదనే ఈ పని చేస్తున్నాం.

అపోహ: భూకంపం ఎంత పెద్దదైతే సునామీ అంత పెద్దది.

వాస్తవం: 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 వచ్చింది, కానీ అక్కడ సముద్రపు అడుగు పైకి లేవలేదు, పక్కకి జరిగింది, అందుకే పెద్ద అల రాలేదు.

అపోహ: మనం నేర్పిస్తాం, వాళ్ళు నేర్చుకుంటారు.

వాస్తవం: ఇది మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. సుమత్రా పక్కన సిమెలూయె అనే దీవి ఉంది, 2004లో భూకంప కేంద్రానికి బాగా దగ్గర, అల పది నిమిషాల్లోపే వచ్చేసింది, ఏ దేశపు బులెటిన్ అయినా అంతలో అందడం కష్టం. అయినా సుమారు 78 వేల మందిలో చనిపోయింది ఏడుగురే. 1907లో వచ్చిన సునామీకి వాళ్ళు ‘స్మాంగ్’ అని పేరు పెట్టి పిల్లలకి కథల్లో, జోలపాటల్లో చెప్పుకుంటూ వచ్చారు: భూమి గట్టిగా ఊగిందా, నీళ్ళు వెనక్కి పోయాయా, కొండెక్కు. మన దగ్గర ఒడిశాలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి ఊళ్ళు 2020లో యునెస్కో ‘సునామీ రెడీ’ గుర్తింపు (సునామీ వస్తే ఏం చేయాలో ఊరంతా సిద్ధంగా ఉందని) తెచ్చుకున్నాయి, వాటి అనుభవం కూడా క్లాసులో చెప్తాం, కానీ నేను మొదలుపెట్టేది మాత్రం సిమెలూయెతోనే. ఆ తర్వాత ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళని ఒక్కటే అడుగుతా, మీ ఊళ్ళో ముసలివాళ్ళు సముద్రం గురించి ఏం చెప్తారు అని. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా నోరు విప్పుతారు, ఆ పూట ఇంక స్లైడ్లు నడవవు.