బెయిల్ వచ్చిందంటే కేసు పోయినట్టేనా? పోలీసులు, కోర్టుల మీద మన ఓరుగల్లులో ఉన్న అపోహలు - వాస్తవాలు

హనుమకొండ అదాలత్‌లో (జిల్లా కోర్టులో) క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. పరకాల నుంచి, నర్సంపేట నుంచి, వరంగల్ గల్లీల నుంచి బాధితులు వస్తుంటారు. చాలామంది ఆలస్యంగా వస్తారు. "పోలీసోళ్లు పట్టించుకోరు, కోర్టుకు పోతే చెప్పులరుగుడే" అని చుట్టాలు చెప్పిన మాటలు వాళ్లను ముందే ఆపేస్తాయి. ఆ మాటల్లో కొంత నిజం ఉంది. నష్టం చేసేది మాత్రం మిగతా భాగం.

అపోహ: బెయిల్ దొరికిందంటే వాడు తప్పించుకున్నట్టే.

రోజూ వినే మాట ఇది. బెయిల్ అంటే విచారణ పూర్తయ్యేదాకా కొన్ని షరతులతో బయట ఉండనివ్వడం, అంతే. కేసు ఎక్కడికీ పోదు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో దర్యాప్తు పూర్తిచేసి ఛార్జిషీట్ వేయకపోతే బెయిల్ నిందితుడి హక్కు అవుతుంది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అసలు అరెస్టే తప్పనిసరి కాదు. ఎందుకు అవసరమో పోలీసులు రాసి చూపించాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నిందితుడు మూడో రోజే వీధిలో కనబడితే పోలీసులు అమ్ముడుపోయారని అనుకోనక్కర్లేదు. ఆ అనుమానంతోనే ఫిర్యాదుదారులు మనసు విరిగి రాజీకి ఒప్పుకుంటారు. నిజంగా కేసు పోయేది అప్పుడే. బయటికొచ్చి బెదిరిస్తే ఆ మెసేజ్‌లు, కాల్ రికార్డింగ్‌లు దాచిపెట్టండి. బెయిల్ రద్దు కోరడానికి అవే ఆధారం.

అపోహ: ఠాణాలో కాగితం ఇచ్చాం కాబట్టి కేసు అయినట్టే.

కాగితం తీసుకోవడం వేరు, ఎఫ్ఐఆర్ కట్టడం వేరు. నంబర్ అడగండి, కాపీ అడగండి. అది ఉచితం. "మా పరిధి కాదు" అని పంపేయడానికి వీల్లేదు. రామగుండం దాటాక రైల్లో బ్యాగు పోయిందని కాజీపేటలో దిగాక తెలిసినా అక్కడే ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత ఠాణాకు వాళ్లే పంపుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం), 173వ సెక్షన్‌లో, ఇదంతా ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం పై అధికారి అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేయొచ్చు. అసలే తీసుకోకపోతే పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

అపోహ: ఎన్‌కౌంటరే సరైన న్యాయం, కోర్టులో ఏళ్లకేళ్లు పడుతుంది.

2008 డిసెంబరులో యాసిడ్ దాడి కేసులో ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు ఈ ఊరు సంబరం చేసుకుంది. ఆ కోపం నాకూ అర్థమవుతుంది. కానీ ఇదే వరంగల్ కోర్టు చేసిన పని కూడా గుర్తుపెట్టుకోవాలి. గొర్రెకుంట బావిలో 2020 మే నెలలో తొమ్మిది శవాలు దొరికితే, అదే ఏడాది అక్టోబరు 28న ఉరిశిక్ష తీర్పు వచ్చింది. 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసిపాపను చంపిన కేసులో ఆగస్టు 8కే ఉరిశిక్ష తీర్పు వచ్చింది. తర్వాత హైకోర్టు ఆ ఉరిని యావజ్జీవంగా మార్చింది. అంటే కింది కోర్టు తీర్పును పై కోర్టు మళ్లీ తూచి చూసింది. తుపాకీ తూటాకు అప్పీలు ఉండదు. దొరికినవాడే దోషా కాదా అన్న ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. అన్ని కేసులూ ఇంత వేగంగా నడవవన్నది నిజమే. అయితే కోర్టుకు ఆ వేగం చేతకాదన్నది మాత్రం అబద్ధం.

అపోహ: పెద్దమనుషుల్లో తెంపుకుంటే అయిపోతుంది.

చిన్న కొట్లాటలు, చెక్కు బౌన్స్‌లు అయితే లోక్ అదాలత్‌కు రండి. రాజీ కుదిరాక అక్కడిచ్చే తీర్పుకు (అవార్డుకు) కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. పిల్లలపై లైంగిక నేరాల్లో మాత్రం పంచాయితీ మాటే ఎత్తొద్దు. పోక్సో చట్టం కింద, తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం.

అపోహ: లాయరుకు డబ్బుల్లేవు, కాబట్టి కేసు వద్దు.

ప్రభుత్వం తరఫున కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. బాధితులు విడిగా లాయరును పెట్టుకోవాల్సిన పని లేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.

అపోహ: సాక్షిగా పోతే మనకే టెన్షన్. పోలీసులకు చెప్పాం, చాలు.

చాలదు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. దాన్ని బట్టే ఎవరికీ శిక్ష వేయలేరు. అదే మాట కోర్టులో చెప్పాలి. కళ్ల ముందు చూసినవాళ్లు బోనెక్కి "నాకు తెల్వదు" అంటే దోషి నవ్వుతూ వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఊరు మొత్తం కోర్టును తిడుతుంది. సాక్షులుగా విచారించడానికి మహిళలను, 60 ఏళ్లు దాటినవాళ్లను ఠాణాకు రమ్మని బలవంతపెట్టకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. సమన్లు అందితే ఆ రోజు పొద్దున్నే వచ్చి ముందు ప్రాసిక్యూటర్‌ను కలవండి. ఎవరైనా బెదిరిస్తుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టొచ్చు. దాన్ని చూసే కమిటీకి జిల్లా జడ్జే అధ్యక్షత వహిస్తారు.