జీతం తక్కువ, డిపాజిట్లు ఎక్కువ: పిల్లల భరణంపై అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కోర్టులో పిల్లల భరణం కేసులు చూసే వకీళ్లకు బాగా అలవాటైన కౌంటర్ (అవతలివారి రాతపూర్వక జవాబు) ఒకటుంది: ‘నా జీతం నెలకు 12 వేలు. నా తిండికే చాలడం లేదు.’ ఇది అబద్ధమే అయి ఉండనక్కర్లేదు. జీతం నిజంగానే అంతే కావచ్చు. అయితే అదే మనిషి పేరున బ్యాంకులో 40 లక్షల డిపాజిట్, ఊరి శివార్లలో రెండు ప్లాట్లు ఉంటే? ఈ పరిస్థితి మీద తల్లుల్లోనూ తండ్రుల్లోనూ ఉన్న అపోహలు అన్నీ ఇన్నీ కావు.

అపోహ: భరణాన్ని జీతాన్ని బట్టే లెక్కిస్తారు.

భార్యాబిడ్డల భరణానికి సంబంధించి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లో ఉన్న 125వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144గా మారింది. నంబరు మారినా ప్రశ్న మారలేదు: ఈ మనిషికి తగిన స్తోమత ఉందా, ఉండి కూడా బిడ్డను పట్టించుకోవడం లేదా? స్తోమత అంటే జీతం ఒక్కటే కాదు. వడ్డీ, అద్దె, కౌలు, షేర్ల మీద డివిడెండ్, అన్నీ అందులోకి వస్తాయి. 40 లక్షల డిపాజిట్‌కు ఏడు శాతం వడ్డీ వేసుకోండి. ఏడాదికి 2 లక్షల 80 వేలు, అంటే నెలకు 23 వేలకు పైనే. 12 వేల జీతగాడికి డిపాజిట్ తెచ్చిపెట్టేదే జీతానికి దాదాపు రెట్టింపు. ఈ లెక్కను న్యాయమూర్తి ముందు కాగితం మీద పెట్టడమే వకీలు పని.

కావాలని ఆదాయం తగ్గించుకునే వారి సంగతి వేరే. మంచి ఉద్యోగం మానేసి, నోటీసు అందిన నెలలోనే తమ్ముడి దుకాణంలో గుమస్తాగా చేరిపోతారు. కాళ్లూ చేతులూ బాగున్నవాడు సంపాదించగలడనే కోర్టులు మొదటినుంచీ భావిస్తున్నాయి. అవసరమైతే కూలి చేసి అయినా భార్యాబిడ్డలను పోషించాలని సుప్రీంకోర్టు 2022లో అంజు గర్గ్ కేసులో చెప్పింది.

అపోహ: దాచుకున్న డబ్బు నా సొంత విషయం, కోర్టుకు చెప్పనక్కర్లేదు.

2020 నవంబరు 4న రజనేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ ఇందు మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పుతో ఈ వాదనకు కాలం చెల్లింది. భరణం కేసు ఏదైనా సరే, ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాల్సిందే. బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, బీమా పాలసీలు, మ్యూచువల్ ఫండ్లు, పొలాలు, ఇళ్లు అన్నీ అందులో రాయాలి. వ్యవసాయదారులకు వేరే నమూనా ఉంది. ప్రతివాది గరిష్ఠంగా నాలుగు వారాల్లో అఫిడవిట్ ఇవ్వాలి. వాయిదాల మీద వాయిదాలు అడుగుతూ పోతే అతని డిఫెన్స్‌నే (అతని వైపు వాదననే) కొట్టేసే అధికారం కోర్టుకు ఉంది. అబద్ధం రాస్తే తప్పుడు ప్రమాణం కింద చర్య తీసుకోవచ్చు.

అఫిడవిట్‌లో ఏం రాశారన్నది ఒక ఎత్తు, ఏం వదిలేశారన్నది మరో ఎత్తు. అందుకే వకీలుగా నేను ముందుగా అడిగేది బ్యాంకు స్టేట్‌మెంటే. తెలంగాణలో ‘నాకు సెంటు భూమి లేదు’ అన్న ఒక తండ్రి ఖాతాలో వానాకాలం, యాసంగి రెండుసార్లూ పాతికేసి వేలు రైతుబంధు జమ అయినట్టు కనబడిందనుకోండి. అప్పట్లో సీజన్‌కు ఎకరాకు 5 వేలు ఇచ్చేవారు కాబట్టి అయిదెకరాలు లెక్క తేలినట్టే. ఇక క్రాస్ ఎగ్జామినేషన్‌లో పెద్దగా గొంతు పెంచాల్సిన పని ఉండదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే వార్షిక సమాచార నివేదిక కూడా ఇలాంటిదే. డిపాజిట్ల వడ్డీ, షేర్ల లావాదేవీలు అందులో కనిపిస్తాయి. అవతలివారు వాటిని ఇవ్వకపోతే తెప్పించమని కోర్టును కోరవచ్చు. మొత్తాలు తెలియకపోయినా బ్యాంకు పేరు, శాఖ పేరు గుర్తుంటే చాలు, పిటిషన్‌లో రాయండి.

అపోహ: తండ్రి డిపాజిట్‌లో సగం బిడ్డదే.

ఇది తల్లుల వైపు నుంచి వచ్చే అపోహ. ‘అంత డబ్బు పెట్టుకుని నెలకు పది వేలేనా, డిపాజిట్ విరగ్గొట్టి ఇప్పించండి’ అంటారు. కోపంలో న్యాయం ఉంది, చట్టంలో మాత్రం ఆ దారి లేదు. తండ్రి స్వార్జితంలో ఆయన బతికుండగా బిడ్డకు వాటా ఉండదు. పిత్రార్జితం సంగతి వేరు, దానికి దావా కూడా వేరు. భరణం కేసులో కోర్టు చూసేది తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు ఖర్చులను, అవతలివారి స్తోమతను. ఇంత శాతమని లెక్క కట్టే సూత్రమేదీ చట్టంలో లేదు. అందరూ చెప్పే 25 శాతం మాట 2017లో ఒక భార్య భరణం కేసులో ఆ పరిస్థితులకు తగినట్టు వచ్చింది.

పైగా అన్ని డిపాజిట్లూ ఒకటి కావు. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న తండ్రికి వచ్చిన పరిహారం ఆయన జీవితాంతం మందులకు కావాలి. దాన్ని రియల్ ఎస్టేట్ లాభంతో సమానంగా చూడమని వాదిస్తే న్యాయమూర్తి మీ మిగతా మాటలను కూడా అనుమానిస్తారు. స్కూలు ఫీజు రసీదులు, ట్యూషన్ ఖర్చు, మందుల బిల్లులు తెచ్చిన తల్లి కేసు నిలబడుతుంది. ‘ఆయన దగ్గర చాలా ఉంది’ అన్న ఒక్క మాట నిలబడదు.

అపోహ: ప్లాటును అన్న పేరున గిఫ్ట్ చేసేస్తే గొడవే ఉండదు.

రిజిస్ట్రేషన్ తేదీ కేసు తేదీని ఆనుకుని ఉంటే ఈసీయే (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సాక్ష్యం చెబుతుంది. ఆస్తి రాబడి నుంచి భరణం పొందే హక్కు ఉన్నప్పుడు ఆ ఆస్తిని ఉచితంగా బదలాయిస్తే, తీసుకున్నవారి మీద కూడా ఆ హక్కును అమలు చేయవచ్చని ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. హిందూ దత్తత, భరణ చట్టం కింద దావా వేస్తే తీర్పుకు ముందే ఆస్తి జప్తు కోరే వీలూ ఉంది. కాబట్టి అమ్మకం వాసన తగిలిన రోజే వకీలును కలవండి.

అపోహ: తల్లికి ఉద్యోగమో సేవింగ్సో ఉంటే తండ్రి బాధ్యత తీరినట్టే.

బిడ్డ బాధ్యత ఇద్దరిదీ. 2000లో పద్మజా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరి సంపాదన చూసి ఒక్కో బిడ్డకు నెలకు 3 వేలు నిర్ణయించి, తండ్రి రెండు వేలు, తల్లి వెయ్యి ఇవ్వాలని పంచింది. ఇదే సూత్రం తిరగేసినా వర్తిస్తుంది: బిడ్డ తండ్రి దగ్గరుండి డిపాజిట్లు తల్లి పేరున ఉంటే ఆమె వంతు ఆమె మోయాలి.

అపోహ: విడాకుల ఒప్పందంలో ‘ఇక ఏమీ అడగను’ అని తల్లి సంతకం పెడితే బిడ్డ హక్కు కూడా పోతుంది.

పోదు. ఆమె వదులుకోగలిగింది తన హక్కునే.

అపోహ: కట్టకపోతే జైలుకు పంపుతారు, వెళ్లొస్తే బాకీ చెల్లు.

జైలు బాకీ కట్టించడానికి తెచ్చే ఒత్తిడి మాత్రమే. శిక్ష అనుభవించినా బాకీ అలాగే ఉంటుందని 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. జీతం తక్కువైన కేసుల్లో డిపాజిట్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే, వసూలు దగ్గర. జీతం చాలకపోయినా బ్యాంకు ఖాతా మీద అటాచ్‌మెంట్ (జప్తు) అడగవచ్చు. భరణాన్ని పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు కాబట్టి బకాయి కూడా పెద్దదే అవుతుంది. ఒక్క జాగ్రత్త: 144వ సెక్షన్ కింద ఏ నెల బకాయికైనా అది చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా వారంటు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ‘ఇస్తానంటున్నాడు కదా’ అని పెద్దమనుషుల మాట మీద రెండేళ్లు ఆగిన తల్లులు మొదటి ఏడాది డబ్బును ఈ దారిలో వసూలు చేసుకోలేకపోతున్నారు.