మడత కత్తి స్క్రూ ఊడి రావడం లేదా? అపోహలు, వాస్తవాలు

మరమ్మతుకు నా దగ్గరికి వచ్చే మడత కత్తుల్లో చాలావాటికి మొదట ఏ జబ్బూ ఉండదు. లోపల దుమ్ము చేరిందనో, బ్లేడు బిగువుగా తెరుచుకుంటోందనో ఇంట్లో విప్పబోతారు. స్క్రూ తల అరిగిపోయాక పట్టుకొస్తారు. అందరూ చెప్పేది ఒకటే: "ఎంత బలంగా తిప్పినా కదలలేదండీ." అంత బలంగా తిప్పడం వల్లే అది అరిగింది.

అపోహ: స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఇంకాస్త బలం పెడితే వస్తుంది.

ఆరు నెలల కిందట కొన్న కత్తిలో, అదీ జేబు దాటి బయటకు రాని కత్తిలో, అంత తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది? వాడకంలో స్క్రూలు వదులు కాకూడదని చాలా కంపెనీలు బిగించేటప్పుడే వాటి మరలకు థ్రెడ్‌లాకర్ పూస్తాయి. అది మరల మధ్య గట్టిపడిపోయే జిగురు. మీరు పోరాడుతున్నది దానితో. నీలం రంగు రకం మామూలు చేతి పనిముట్లతోనే ఊడుతుందని అంటారు. పెద్ద బోల్టుల విషయంలో అది నిజమే. కత్తిని జేబుకు తగిలించే క్లిప్పుకు ఎక్కువగా కనిపించేది టి6, అంటే ఆరు కొసల నక్షత్రం ఆకారపు గుంట ఉండే టార్క్స్ స్క్రూలలో ఒక చిన్న సైజు. దాని గుంట మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 1.7 మిల్లీమీటర్లే. జిగురు కాస్త ఎక్కువ పడి ఉంటే, అది తెగేలోపే గుంట అంచులు చితికిపోతాయి. ఇక ఎర్ర రంగుదైతే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి తగలనిదే పట్టు వదలదు.

అందుకే ముందు వేడి, తర్వాతే స్క్రూడ్రైవర్. బ్లేడు మూసి, తెరుచుకోకుండా టేపు చుట్టండి. కిటికీ తెరిచి ఉంచండి, కాలే జిగురు పొగ పీల్చకూడదు. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద అర నిమిషం పాటు ఆనించి, తీసిన వెంటనే బిట్ (స్క్రూడ్రైవర్ మొన) పెట్టి తిప్పండి. చల్లారనిస్తే జిగురు మళ్లీ పట్టేస్తుంది. కదలకపోతే బలం పెంచవద్దు, ఇంకో అర నిమిషం వేడి చేయండి. లైటరు, గ్యాసు మంట మాత్రం వద్దు. మంట ఒక్క స్క్రూతో ఆగదు, పిడినీ బ్లేడు పదునునూ పాడుచేస్తుంది. నైలాన్ పిడి అయితే ఐరన్‌ను పది, పదిహేను సెకన్ల చొప్పున మాత్రమే ఆనించి, పక్కన వేలు పెట్టి చూస్తూ ఉండాలి. పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) దగ్గర లోపల ప్లాస్టిక్ వాషర్లు ఉండవచ్చు, అక్కడా ఇదే జాగ్రత్త.

ఈ మధ్య ఒక కుర్రవాడు తన అన్న అమెరికా నుంచి తెచ్చిన కత్తిని రుమాలులో చుట్టి తెచ్చాడు. క్లిప్పుకున్న మూడు స్క్రూలలో రెండు గుండ్రంగా అరిగిపోయాయి. అన్నకు ఎలా చెప్పాలో తెలియక రాత్రంతా నిద్రపోలేదట. మిగిలిన మూడో స్క్రూకు అతని ఎదుటే ఐరన్ ఆనించాను. రెండు వేళ్లతో తిప్పితే వచ్చేసింది. అతను ఆ స్క్రూను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. అరిగిన రెండింటినీ వేడి చేసి, ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్‌తో తీశాను. ఆ బిట్ తొలుస్తూనే స్క్రూను వదులయ్యే దిశలో లాగుతుంది. స్క్రూ అరిగినంత మాత్రాన కత్తి పోయినట్టు కాదు, భయపడకండి. అరగడం మొదలైందని తెలిసిన క్షణమే ఆపితే చాలావరకు బాగవుతుంది. నాకు కష్టమయ్యేవి, ఆపకుండా ఇంకో పదిసార్లు తిప్పి తెచ్చినవే.

అపోహ: దగ్గరగా సరిపోయే బిట్ ఏదైనా చాలు.

ఆ కుర్రవాడు వాడింది 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ, అంటే ఆరు పలకల తాళం. టి6 గుంటలో అది దూరుతుంది, పట్టినట్టే అనిపిస్తుంది, కానీ ఆనేది కొసల దగ్గరే. క్లిప్పు స్క్రూలకు టి6, పివట్‌కు టి8 ఎక్కువగా కనిపిస్తాయి. కొన్నిటికి టి10 కూడా ఉంటుంది. దుకాణంలో స్టార్ బిట్ అంటే ప్లస్ ఆకారపుదే చేతిలో పెడతారు, కాబట్టి టార్క్స్ అని అంకెతో సహా అడగండి. ఫోను విప్పే చవక సెట్టులోని బిట్లు మెత్తటి ఉక్కువి, రెండోసారికే మెలి తిరుగుతాయి. బిట్ పెట్టే ముందు గుంటలో ఇరుక్కున్న జేబు నూలును సూదితో, స్పిరిట్‌తో శుభ్రం చేయండి. నూలు ఉంటే బిట్ అడుగు దాకా దిగదు. తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువగా ఉండాలి.

అపోహ: డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే నూనె స్ప్రే) కొట్టి రాత్రంతా ఉంచితే వదులవుతుంది.

గట్టిపడిన థ్రెడ్‌లాకర్‌ను అది కరిగించదు. పైగా గుంటలో నూనె చేరి బిట్ జారుతుంది.

అపోహ: రబ్బరు బ్యాండు పెట్టి తిప్పితే అరిగిన స్క్రూ వస్తుంది.

పెద్ద ప్లస్ స్క్రూలకు ఒక్కోసారి పనిచేస్తుంది. టి6లో ఆ రబ్బరే గుంటను నింపేస్తుంది, బిట్ దిగడానికి చోటుండదు.

అపోహ: పివట్ ఊరికే తిరుగుతోంది అంటే మరలు పోయినట్టే.

చాలాసార్లు ఏమీ పోలేదు. పివట్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకటి తిరుగుతుంటే రెండోదీ దానితోపాటే తిరుగుతోందన్నమాట. రెండు వైపులా బిట్లు పెట్టి ఒకటి కదలకుండా పట్టుకోండి. మరి కొన్నిటిలో ఒక వైపు అంచు చదునుగా చెక్కి ఉంటుంది, ఆ వైపు అసలు తిరగకూడదు. ఒక వైపు మొండికేస్తే రెండో వైపు ప్రయత్నించండి.

మళ్లీ బిగించేటప్పుడు మరలు తుడిచి, తక్కువ పట్టుండే ఊదా రంగు థ్రెడ్‌లాకర్‌ను సూది మొనతో చుక్క పెట్టండి. ఎర్రది వద్దు. పివట్‌కు పెడితే బ్లేడు వైపు కారకుండా చూడండి, కారితే బ్లేడే అతుక్కుపోతుంది. వారంటీ ఉన్న కత్తి అయితే విప్పే ముందు ఆ కాగితం చదవండి. విప్పితే వారంటీ వర్తించదనే కంపెనీలు కొన్ని ఉన్నాయి.